మోకాలి చిప్ప కింద పోటు, నాలుగు నెలలైనా తగ్గట్లేదు. వాలీబాల్ ఆడేవాళ్లు ఎవరైనా చెప్పగలరా?

కసవనహళ్లి_అటాకర్

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, కానీ సగం సగం రాస్తే మళ్లీ మీరే వివరాలు అడుగుతారు కాబట్టి అంతా ఒకేసారి రాసేస్తున్నాను.

నాకు 31 ఏళ్లు. సొంతూరు ప్రకాశం జిల్లాలో, ఎనిమిదేళ్లుగా బెంగళూరులో ఉద్యోగం, ఉండేది కసవనహళ్లి. ఏడో తరగతి నుంచి వాలీబాల్ ఆడుతున్నాను. మా ఊళ్లో హైస్కూలు వెనక మట్టి కోర్టు ఉండేది, సాయంత్రం బడి వదలగానే నీళ్లు చల్లి, ఊడ్చి, ముగ్గుపిండితో గీతలు వేసుకుని చీకటి పడేదాకా ఆడేవాళ్లం. సంక్రాంతికి లైట్లు కట్టి తెల్లవార్లూ టోర్నమెంటు. అన్నేళ్లు అంతలా ఎగిరినా మోకాలు నొప్పి అన్న మాటే తెలియదు.

ఇక్కడ మా అపార్ట్‌మెంట్ పక్క లేఅవుట్‌లో సిమెంటు కోర్టు ఉంది. శని, ఆదివారాలు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఆడేవాళ్లం, తెలుగువాళ్లం నలుగురు, మిగతావాళ్లు కన్నడ, తమిళ కుర్రాళ్లు, అంతా బాగానే నడిచేది. జూలైలో కంపెనీల మధ్య టోర్నమెంటు అన్నారు, మా ఆఫీసు టీములో మెయిన్ అటాకర్ని, అంటే ఎగిరి స్మాష్ కొట్టేవాణ్ని, నేనే, మూడు వారాలే టైముంది కదా అని వారానికి ఐదు రోజులు ప్రాక్టీసు పెట్టుకున్నాం. రెండో వారం చివర్లో మొదలైంది ఈ నొప్పి. ఎడమ మోకాలు. నాది కుడిచేతి వాటం. చిప్ప కింది అంచున ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత కూడా ఉండదు, బొటనవేలితో నొక్కితే ప్రాణం పోయినట్టుంటుంది.

మొదట్లో వార్మప్ చేయగానే పోయేది, ఇంటికొచ్చి కాసేపు కూర్చుని లేస్తే పట్టేసేది. తర్వాత ఆటలో కూడా రావడం మొదలైంది. ఇప్పుడు స్మాష్‌కి లేచేటప్పుడూ పోటే, దిగేటప్పుడూ పోటే. ఆఫీసు మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకుంటున్నాను. సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో క్లచ్ తొక్కీ తొక్కీ ఇంటికొచ్చేసరికి కాలు చాపుకుని పావుగంట కూర్చుంటే తప్ప లేవలేను. వాపు లేదు, మోకాలు పట్టేసి మడత రాకపోవడం, పట్టు తప్పి జారిపోవడం లాంటివి లేవు.

ఒక డాక్టరు దగ్గరికి వెళ్తే ఎక్స్‌రే తీసి ఎముక బాగానే ఉందన్నారు, పది రోజులకి మాత్రలు, ఒక నీక్యాప్, మూడు వారాలు రెస్ట్ అని రాశారు. మూడు కాదు, ఐదు వారాలు బంతి ముట్టలేదు. నొప్పి పూర్తిగా పోయింది. సంతోషంగా కోర్టులోకి దిగితే రెండో సెట్టుకి మళ్లీ అదే చోట అదే పోటు. ఇంకో క్లినిక్‌లో పీఆర్పీ అంటున్నారు, మన రక్తమే తీసి అందులో కొంత భాగం మోకాలి దగ్గర ఎక్కిస్తారట, మూడు ఇంజెక్షన్లు, ఒక్కోటి 12 వేలు. మా టీములో బంతి లేపి ఇచ్చే సెట్టరేమో స్టెరాయిడ్ ఒక్కటి వేయించుకో, వారంలో ఎగురుతావు అంటాడు.

నా ప్రశ్నలు: ఇంజెక్షన్ వేయించుకోవాలా, వద్దా? ఎమ్మారై తీయించాలా? అన్నిటికన్నా ముఖ్యం, ఇక ఆట మానేయాల్సిందేనా? ఈ ఒక్కటీ తలుచుకుంటే రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు. ఇంట్లో చెప్తే "ఈ వయసులో ఎగరడం అవసరమా" అంటారు. ఈ ఊళ్లో నాకంటూ ఉన్న స్నేహితులందరూ ఆ కోర్టులోనే దొరికారు, ఆ సంగతి వాళ్లకి ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ఫిజియో_అనంతపురం

నమస్తే అండీ. నేను ఫిజియోథెరపిస్టుని, బెంగళూరులో తొమ్మిదేళ్ల నుంచి ఆటగాళ్ల మోకాళ్లు, మడమలే నా పని. కాలేజీ రోజుల్లో నేనూ వాలీబాల్ ఆడాను. మోకాలు చూడకుండా ఇది ఫలానా అని తేల్చి చెప్పకూడదు, కానీ మీరు రాసినదాంట్లో ఒక్కో ముక్కా ఒకే వైపు చూపిస్తోంది. జంపర్స్ నీ, అంటే ఎగిరేవాళ్ల మోకాలు, అంటారు దీన్ని. మోకాలి చిప్పని కింద కాలి ఎముకకి కట్టి ఉంచే తాడులాంటి పట్టీ ఉంటుంది, పటెల్లార్ టెండన్. అది చిప్ప కింది కొనకి అతుక్కునే చోటే మీ బొటనవేలు ఆగిన చోటు. 1973 నుంచీ ఈ పేరుతోనే పిలుస్తున్నారు, అంత పాత జబ్బు. నార్వేలో రకరకాల ఆటల పెద్ద స్థాయి ఆటగాళ్లని పరీక్షిస్తే వాలీబాల్ వాళ్లలో దాదాపు 45 శాతం మందికి ఆ సమయంలోనే అది ఉంది. బాస్కెట్‌బాల్ వాళ్లు మనకన్నా తక్కువ, 32 శాతం. కాబట్టి మీ ఒక్కరికే ఏదో అయిపోయిందని భయపడకండి.

ఇంకో మాట, ఇది ఎక్కువగా వచ్చేది బాగా ఎగిరేవాళ్లకే. కుర్ర ఆటగాళ్లని ఏళ్ల తరబడి గమనించి మరీ తేల్చారు, ఎవరి జంప్ ఎత్తుగా ఉంటుందో వాళ్ల టెండన్ మీదే బరువు ఎక్కువ పడుతుంది. కుడిచేతి అటాకర్లు చివరి అడుగు ఎడమ కాలు వేసి లేస్తారు, బంతి కొంచెం వెనక పడితే దిగేటప్పుడు కూడా ఎడమ కాలి మీదే పడతారు. మీకు ఎడమ వైపు రావడంలో వింతేమీ లేదు.

అసలు తప్పు ఎక్కడ జరిగిందో మీ పోస్టులో మీరే రాశారు, కానీ దాని మీద ఆగలేదు. వారానికి రెండు రోజుల ఆట ఒక్కసారిగా ఐదు రోజులైంది, అదీ సిమెంటు మీద. మట్టి కొంత దెబ్బని తనలోకి తీసుకుంటుంది, సిమెంటు తీసుకోదు, అదంతా కాలికే తిరిగి వస్తుంది. చెక్క కోర్టు వాళ్లకన్నా సిమెంటు కోర్టు వాళ్లలో ఈ బాధ ఎక్కువని 1980ల్లోనే ఇటలీ డాక్టర్లు గమనించి రాశారు. టెండన్ నెమ్మదైన జీవి. కండరం రెండు మూడు వారాల్లో కొత్త పనికి అలవాటు పడుతుంది, టెండన్‌కి నెలలు పడుతుంది. బెంగళూరులో నా దగ్గరికొచ్చే ఐటీ వాళ్లలో చాలామందిది ఇదే కథ, వారమంతా కుర్చీలో కూర్చుని శని, ఆదివారాలు యాభై అరవై సార్లు ఎగరడం, పైన ఒక టోర్నమెంటు వచ్చి పడటం.

రెస్ట్ ఎందుకు పని చేయలేదో కూడా చెప్తాను, ఎందుకంటే అందరూ మోసపోయేది ఇక్కడే. ఐదు వారాలు ఊరికే ఉంటే నొప్పి పోతుంది, కానీ ఆ ఐదు వారాల్లో తొడ కండరం, టెండన్ రెండూ ఇంకా బలహీనపడతాయి. మీరు కోర్టులోకి దిగింది ముందుకన్నా బలం తక్కువ ఉన్న కాలితో. అందుకే రెండో సెట్టుకే తిరగబెట్టింది.

మరి చేయాల్సింది ఏమిటంటే టెండన్‌కి బరువు అలవాటు చేయాలి, నెమ్మదిగా, మెట్టు మెట్టుగా. మొదటి మెట్టు కదలకుండా పట్టుకోవడం. జిమ్‌లో కూర్చుని కాలు చాపి బరువు ఎత్తే లెగ్ ఎక్స్‌టెన్షన్ మెషీన్ ఉంటే మోకాలు సగానికి కొంచెం పైగా చాపి, కష్టంగా అనిపించే బరువు పెట్టి 45 సెకన్లు అలాగే ఆపండి, రెండు నిమిషాలు ఆగి మళ్లీ, అలా ఐదు సార్లు. మెషీన్ లేకపోతే గట్టి బెల్టుని స్తంభానికి కట్టి రెండు మోకాళ్ల వెనక పెట్టుకుని, వీపు నిటారుగా ఉంచి వెనక్కి కూర్చున్నట్టు ఆగండి, స్పానిష్ స్క్వాట్ అంటారు. తొడలు వణకాలి, వణక్కపోతే బరువు చాలనట్టే. దీనితో కొందరికి అప్పటికప్పుడు ముప్పావుగంట దాకా నొప్పి తగ్గుతుంది, వాలీబాల్ ఆడేవాళ్ల మీదే చూశారు ఈ సంగతి. అందరికీ తగ్గదు, తగ్గకపోయినా కంగారు పడొద్దు.

రెండో మెట్టు అసలు మందు. వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, లెగ్ ప్రెస్, స్క్వాట్, లెగ్ ఎక్స్‌టెన్షన్. దిగడానికి మూడు సెకన్లు, లేవడానికి మూడు సెకన్లు, ఎక్కడా విసురు ఉండకూడదు. మొదటి వారం 15 సార్లు మాత్రమే ఎత్తగలిగే బరువు, నాలుగు సెట్లు. తర్వాత బరువు పెంచుకుంటూ, సార్లు 12, 10, 8కి తగ్గించుకుంటూ, తొమ్మిదో వారం నుంచి 6కి రావాలి. మొత్తం 12 వారాలు. డెన్మార్క్‌లో 2009లో ఈ పద్ధతిని స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో పక్కపక్కన పెట్టి చూశారు. 12 వారాలకి ఇంజెక్షన్ వాళ్లూ బాగానే ఉన్నారు, ఆరు నెలలకి చూస్తే వాళ్లు వెనక్కి జారిపోయారు, బరువులు ఎత్తినవాళ్లు నిలబడ్డారు. మీ సెట్టర్‌కి ఈ ముక్క చెప్పండి. పైగా స్టెరాయిడ్ టెండన్ గుజ్జుని బలహీనపరుస్తుంది, నొప్పి తెలియని మత్తులో గట్టిగా ఎగిరితే తెగిపోయే ప్రమాదం కూడా ఉంది. వద్దే వద్దు.

పీఆర్పీ గురించి: ప్రమాదమని చెప్పను. కానీ 2019లో జంపర్స్ నీ ఉన్నవాళ్లకి రెండు రకాల పీఆర్పీ, ఉత్త సెలైన్ నీళ్లు విడివిడిగా వేసి, అందరిచేతా ఒకేలా వ్యాయామం చేయిస్తే ఏడాదైనా తేడా కనిపించలేదు. ఆ 36 వేలు పెట్టి మంచి జిమ్‌లో చేరండి, నెలకి రెండు సార్లు ఫిజియోకి చూపించుకోండి, ఇంకా మిగులుతాయి. ఎమ్మారై ఇప్పుడే అక్కర్లేదు. నొప్పి లేకుండా హాయిగా ఆడేవాళ్ల టెండన్లలో కూడా స్కాన్‌లో మచ్చలు కనపడతాయి, అవి చూసి ఊరికే టెన్షన్ పడతారు.

ఎంత నొప్పి భరించవచ్చని మీరు తప్పకుండా అడుగుతారు. సున్నా నుంచి పది లెక్కలో మూడు దాకా పరవాలేదు, కానీ మర్నాడు పొద్దునకి ముందురోజు ఎంత ఉందో అంతకి దిగిపోవాలి. దిగకపోతే నిన్న చేసింది ఎక్కువైందన్నమాట. దీనికి ఒక కొలత పెట్టుకోండి, ముందుకి వాలుగా ఉన్న చెక్క మీద, పాతిక డిగ్రీల వాలు, ఎడమ కాలి మీద ఒక్కసారి సగం కూర్చుని లేవండి, రోజూ పొద్దున పళ్లు తోముకున్నాక. ఎంత నొప్పి వచ్చిందో క్యాలెండర్ మీద అంకె వేయండి. అంతే, ఎక్కువ చేయొద్దు, అది పరీక్ష మాత్రమే.

ఆట మానేయొద్దు. ఎగరడం మానేయండి, కొన్నాళ్లు. వెనక నిలబడి రిసీవ్ చేయండి, నిలబడే లిఫ్ట్ చేయండి, అంటే స్మాష్ కొట్టేవాళ్లకి బంతి లేపి ఇవ్వండి, సర్వీసు నేల మీద నుంచే కొట్టండి. ఎగురుతూనే వ్యాయామం చేస్తా అంటే లాభం ఉండదు, నార్వేలో సీజన్ మధ్యలో ఆడుతూనే ఒంటికాలి స్క్వాట్లు చేసిన వాలీబాల్ వాళ్లకి ఏమీ తగ్గలేదు. ఇక్కడ మొండితనం పనికిరాదండీ.

మారతహళ్లి_సెట్టర్

అక్కా, మీరు చెప్పినదంతా గౌరవంగా చదివాను కానీ పీఆర్పీని అంతగా కొట్టిపారేయకండి. నాకు రెండేళ్ల కింద ఇదే నొప్పి, కుడి కాలికి. రెండు ఇంజెక్షన్లు వేశారు, ఎనిమిది వారాలు ఆట ఆపించి ఫిజియో చేయించారు. ఇవాళ్టికీ నొప్పి లేకుండా ఆడుతున్నాను. నా అనుభవం నాకు నిజం కదా.

ఫిజియో_అనంతపురం

నిజమే, మీకు తగ్గింది, అందుకు నాకు సంతోషమే. కానీ ఆ ఎనిమిది వారాల వ్యాయామం వల్ల ఎంత తగ్గింది, సూది వల్ల ఎంత తగ్గింది అన్నది ఒక్క మనిషిలో విడదీయలేం, అందుకే పక్కన సెలైన్ నీళ్లు పెట్టి చూస్తారు. మూడు నాలుగు నెలలు బరువులతో నిజాయితీగా పని చేసినా తగ్గకపోతే అప్పుడు స్పోర్ట్స్ డాక్టర్‌తో కూర్చుని ఇంజెక్షన్ సంగతి మాట్లాడుకోవచ్చు. మొదటి మెట్టుగా మాత్రం నేను చెప్పను. ఆపరేషన్ కూడా అంతే, 2006లో ఆపరేషన్ చేయించుకున్నవాళ్లనీ, ఒంటికాలి స్క్వాట్లు చేసినవాళ్లనీ ఏడాది తర్వాత పోల్చి చూస్తే ఆపరేషన్ వల్ల అదనంగా వచ్చిన మేలు లేదు.

చిత్తూరు_బ్లాకర్

తమ్ముడూ, నీ మోకాలు జారిపోవట్లేదు, వాపు లేదు అని రాశావు చూడు, అది చదివి నాకు సగం ఊరట కలిగింది. నాది వేరే కథ, కానీ ఇది చదివేవాళ్లలో ఎవరికో ఒకరికి పనికొస్తుందని రాస్తున్నా.

నాలుగేళ్ల కింద, ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర ఒక గ్రౌండ్‌లో ఆడుతున్నాం. బంతి యాంటెన్నా, అదే నెట్టు చివర నిలువుగా ఉండే కర్ర, బయటికి పోతుంటే గాల్లోనే ఒళ్లు తిప్పి కొట్టాను, దిగేటప్పుడు ఎడమ కాలు ఒక్కటే నేలకి తగిలింది, మోకాలు లోపలికి మడిచినట్టైంది, లోపల టప్పున ఒక చప్పుడు. నా చెవులకే కాదు, నెట్టు అవతల నిలబడ్డ కుర్రాడికీ వినపడిందట. రెండు గంటల్లో మోకాలు కుండలా పొంగింది. ఆ చప్పుడు, ఆ గబగబా వచ్చే వాపు, తర్వాత నడుస్తుంటే కాలు నీది కానట్టు జారిపోవడం, ఈ మూడూ కలిస్తే మోకాలి లోపల తొడ ఎముకనీ కాలి ఎముకనీ కట్టి ఉంచే ఏసీఎల్ లిగమెంటే తెగిందనుకుని ఆ వారంలోనే డాక్టరుకి చూపించుకోవాలి. ఎమ్మారై అక్కడ కావాలి.

నేను చూపించుకోలేదు. ఊరికి వెళ్తే పెద్దవాళ్లు బెణికిందని నాటు కట్టు కట్టించారు, మూడు వారాలకి వాపు దిగింది, నడవగలిగాను, తగ్గిపోయిందనుకున్నా. రెండు నెలల తర్వాత మళ్లీ ఆడాను. నెట్టు దగ్గర ఎగిరి బంతిని ఆపే ఒక మామూలు బ్లాక్, ఎవరూ తగల్లేదు, కాలు మళ్లీ జారింది, ఈసారి మోకాలు పట్టేసింది, పూర్తిగా చాపలేకపోయా. ఏసీఎల్ ఎలాగూ తెగే ఉంది, దానికి తోడు ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ కూడా చిరిగింది. మొదటి రోజే ఎమ్మారై తీసి ఉంటే ఆ మెనిస్కస్ మిగిలేది. ఆ బాధ ఇవాళ్టికీ పోదు.

ఆపరేషన్‌లో తొడ వెనక కండరాల టెండన్ తీసి కొత్త లిగమెంటు చేశారు. అందరూ ఆపరేషన్ గురించే అడుగుతారు, అది రెండు గంటల పని. తర్వాత పది నెలలు నాది. మొదటి రెండు వారాలు కాలు పూర్తిగా చాపడం ఒక్కటే లక్ష్యం, అది రాకపోతే తర్వాత ఏదీ సరిగ్గా రాదు. మూడో నెలకి అందరూ "బాగానే నడుస్తున్నావు కదా, రా ఆడదాం" అంటారు. ఆరో నెలకి నాకే బాగైపోయాననిపించింది. అప్పుడు మా ఫిజియో రెండు కాళ్ల బలం విడివిడిగా కొలిచి చూపించింది, దెబ్బ తగిలిన కాలు మంచి కాలిలో 70 శాతం కూడా లేదు. 90 దాటాలి, ఒంటికాలి గెంతులు రెండు వైపులా సమానంగా రావాలి, తొమ్మిది నెలలు నిండాలి, ఈ మూడూ అయ్యేదాకా కోర్టు వైపు చూడొద్దంది. తొమ్మిది నెలల లోపు దిగినవాళ్లలో మళ్లీ దెబ్బలు బాగా ఎక్కువని, ఆపిన ఒక్కో నెలకీ ఆ ప్రమాదం దాదాపు సగం సగం తగ్గుతూ వస్తుందని లెక్క చెప్పింది. విన్నాను. పదకొండో నెలలో ఆడాను, ఇప్పటికీ ఆడుతున్నా.

ఇంకొకటి. దిగడం ప్రాక్టీసు చేయి తమ్ముడూ. మనకి ఊళ్లలో ఎగరడం నేర్పుతారు, దిగడం ఎవరూ నేర్పరు. రెండు కాళ్ల మీద దిగాలి, మోకాళ్లు కాలివేళ్ల వైపే చూడాలి, లోపలికి పడకూడదు, చప్పుడు రాకూడదు. సిమెంటు కోర్టు మీద దిగినప్పుడు నీ చప్పుడు పక్క అపార్ట్‌మెంటుకి వినపడుతోందంటే నువ్వు తప్పు దిగుతున్నట్టు. ఫోన్‌లో స్లో మోషన్ తీయించుకుని చూసుకో, నేను నాది చూసుకుని భయపడిపోయా.

హొసూరు_రోడ్_అమ్మ

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా అమ్మాయికి పన్నెండేళ్లు, స్కూలు టీములో వాలీబాల్ ఆడుతుంది. చిప్ప కింద కాదు, ఇంకా కిందకి, కాలి ఎముక మొదలయ్యే చోట గట్టిగా ఒక బొడిపెలా వచ్చింది, మోకాళ్ల మీద కూర్చోలేకపోతోంది. ఇదీ జంపర్స్ నీ నేనా? ఆట మాన్పించమంటున్నారు మా అత్తగారు.

ఫిజియో_అనంతపురం

అమ్మా, ఆ వయసులో ఆ చోట బొడిపె అంటే చాలావరకు ఆస్‌గుడ్ ష్లాటర్ అనేది అవుతుంది. పిల్లలు గబగబా పొడుగవుతున్న రోజుల్లో అక్కడి ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు, టెండన్ దాన్ని లాగుతూ ఉంటుంది. ఎదుగుదల ఆగాక చాలామందికి నొప్పి తగ్గిపోతుంది, బొడిపె కొంచెం మిగిలినా ఇబ్బంది ఉండదు. ఒకసారి పిల్లల ఎముకల డాక్టరుకి చూపించండి, ముఖ్యంగా రాత్రి నిద్రలో నొప్పితో లేస్తున్నా, జ్వరం ఉన్నా, నొప్పి ఒక్క కాలికే ఉండి కుంటుతున్నా ఆలస్యం చేయొద్దు. లేకపోతే ఆట మాన్పించక్కర్లేదు, ఎగిరే రోజులు వారానికి రెండుకి తగ్గించమని వాళ్ల పీఈటీ సారుకి మీరే వెళ్లి చెప్పండి, పిల్ల నోటితో చెప్పించకండి, టీములోంచి తీసేస్తారని అది చెప్పదు. ఆట అయ్యాక పావుగంట ఐసు పెట్టండి, కింద దిండు వేసుకుని కూర్చోమనండి.

కసవనహళ్లి_అటాకర్

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పిన ఆ రెండు రోజులు, ఐదు రోజుల సంగతి నిజంగా నాకు తట్టలేదు, నా పోస్టు నేనే మళ్లీ చదువుకున్నాను. ఇంజెక్షన్ వద్దనుకున్నాను. మీరు చెప్పినట్టు ముందు ఒక ఫిజియోకి చూపించుకుని సోమవారం నుంచి మొదలుపెడతాను. ఒక్క సందేహం, నీక్యాప్ వేసుకోవాలా? చిప్ప కింద కట్టే సన్న బెల్టు ఒకటి షాపులో చూశాను.

ఫిజియో_అనంతపురం

ఆ సన్న బెల్టు వల్ల ఆడేటప్పుడు కొందరికి నొప్పి కొంచెం తక్కువ తెలుస్తుంది, వేసుకోవచ్చు, కానీ అది మందు కాదు. బెల్టు ఉంది కదా అని అదనంగా ఎగరొద్దు. మాత్రలు వేసుకుని మాత్రం ఆడొద్దు.

కసవనహళ్లి_అటాకర్

పది వారాల తర్వాత రాస్తున్నాను, రాస్తానని ఒకరిద్దరికి మెసేజ్‌లో మాట ఇచ్చాను.

నేను వెళ్లిన ఫిజియో కూడా అదే చెప్పారు, జంపర్స్ నీ. మొదటి రెండు వారాలు కదలకుండా పట్టుకునే వ్యాయామం, తర్వాత బరువులు. వాలు చెక్క ఎక్కడా దొరక్కపోతే మా వీధి చివర కార్పెంటర్‌కి కాగితం మీద కోణం గీసి ఇచ్చి చేయించుకున్నాను, బాత్రూమ్ పక్కనే పెట్టుకుని రోజూ పొద్దున ఒక్కసారి దాని మీద కూర్చుని లేస్తున్నాను. మొదటి రోజు క్యాలెండర్ మీద వేసిన అంకె 7. నాలుగో వారం మధ్యలో 6కి వచ్చి మళ్లీ 7 అయింది, ఆ రోజు అంతా వృథా అనిపించి జిమ్ మానేద్దామనుకున్నాను. ఆలోచిస్తే ముందురోజు ఆఫీసులో లిఫ్ట్ పాడై తొమ్మిది అంతస్తులు రెండు సార్లు దిగాను. బరువు ఒక మెట్టు తగ్గించి చేస్తే మూడు రోజుల్లో సర్దుకుంది. ఈ వారం అంకె 2.

లెగ్ ఎక్స్‌టెన్షన్‌లో మొదట్లో కుడి కాలు 35 కిలోలు ఎత్తే చోట ఎడమ కాలు 20 దగ్గరే ఆగిపోయేది. ఇప్పుడు 30 ఎత్తుతోంది. ఎడమ తొడ కుడిదానికన్నా సన్నబడిందని టేపుతో కొలిచేదాకా నాకే తెలియదు.

సంక్రాంతికి ఊరెళ్లాను. టోర్నమెంటులో నన్ను చూడగానే మా పాత టీము వాళ్లు పేరు రాసేశారు. ఎగరను, వెనకే ఆడతాను అని ముందే చెప్పాను. మూడో సెట్టులో 22-22 దగ్గర నాలుగో నంబర్ నుంచి, అంటే ముందు వరసలో ఎడమ మూల నుంచి, ఒక్కటి కొట్టరా అని లైను బయట నుంచి అందరూ అరుపులు. కొట్టలేదు. ఆ సెట్టు పోయింది, రాత్రంతా మనసు బాలేదు, కానీ మర్నాడు పొద్దున మోకాలు మామూలుగానే ఉంది.

మొన్న ఆదివారం ఇక్కడ మొదటిసారి ఎగిరాను, ఫిజియో 20 జంపులు మాత్రమే అన్నారు, మూడు రోజుల దాకా మళ్లీ ఎగరొద్దన్నారు. మా అబ్బాయిని కోర్టు గట్టు మీద కూర్చోబెట్టి ఇరవై గులకరాళ్లు ఇచ్చాను, నేను ఎగిరినప్పుడల్లా ఒకటి పక్కన పెట్టమని. పదిహేడు దగ్గర మంచి లిఫ్ట్ ఒకటి పడింది, రెండు కాళ్ల మీద దిగాను, పెద్దగా చప్పుడు రాలేదు. ఇరవై అవగానే వాడు "నాన్నా, రాళ్లు అయిపోయాయి" అని అరిచాడు. వెనక్కి వెళ్లి నిలబడ్డాను. సోమవారం పొద్దున అంకె 2, మంగళవారం 2. బుధవారం 25 రాళ్లు.

బ్లాకర్ అన్నా, నేను దిగే వీడియో నీకు పంపించాను, ఎడమ మోకాలు ఇంకా కొంచెం లోపలికి పడుతున్నట్టుంది నాకు. చూసి చెప్పు.